ఒకే సీఎస్‌ఎస్ ఒక్కో బ్రౌజర్‌లో ఒక్కోలా ఎందుకు కనిపిస్తుంది: గ్రేడియంట్, నీడ, అవుట్‌లైన్, అండర్‌లైన్, యానిమేషన్

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తెలుగు హెడింగ్‌కి సీఎస్‌ఎస్‌తో (వెబ్ పేజీ ఎలా కనిపించాలో చెప్పే కోడ్) గ్రేడియంట్ రంగు (ఒక రంగు నుంచి ఇంకో రంగుకి మెల్లగా మారేది), నీడ, అవుట్‌లైన్ పెట్టారు. విండోస్‌లో క్రోమ్‌లో చూస్తే బాగానే ఉంది. ఐఫోన్‌లో వత్తుల అడుగు భాగం మాయమైంది, అవుట్‌లైన్ అక్షరాల లోపల కూడా గీతలు గీసింది, మ్యాక్‌లో అక్షరాలు లావెక్కాయి, లింకుల కింద గీత ఒక్కోచోట ఒక్కోలా ముక్కలైంది. టైపింగ్ ఎఫెక్ట్ పెడితే అక్షరాలే విడిపోయాయి. తప్పు ఏ బ్రౌజర్‌ది?

చాలావరకు ఏ బ్రౌజర్‌దీ కాదు. ముందు ఫాంట్ తేడా, తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్ తేడా, ఆ తర్వాతే బ్రౌజర్ ఇంజిన్ (కోడ్ చదివి పేజీని గీసే లోపలి భాగం) తేడా. ఈ వరుసలో వెతకాలి. చాలామంది చివరిది ముందు పట్టుకుని, ప్రతి బ్రౌజర్‌కీ ఒక అతుకు వేసుకుంటూ పోతారు. ఫాంట్ మారగానే ఆ అతుకులన్నీ ఊడిపోతాయి.

పోల్చే ముందు ఏది ఏ ఇంజినో తెలియాలి. క్రోమ్, ఒపేరా, శాంసంగ్ ఇంటర్నెట్, 2020 జనవరి నుంచి ఎడ్జ్ కూడా బ్లింక్ మీద నడుస్తున్నాయి. సఫారీది వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్‌ది గెకో. ఐఫోన్ సంగతి వేరు. యూరోపియన్ యూనియన్‌లో ఐఓఎస్ 17.4 నుంచి వేరే ఇంజిన్లకు అనుమతి ఇచ్చారు గానీ, మామూలుగా ఐఫోన్‌లోని క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లోపల ఉండేది వెబ్‌కిట్టే. కాబట్టి ఐఫోన్‌లో మూడు బ్రౌజర్లలో చూశామంటే ఒకే ఇంజిన్‌ని మూడుసార్లు చూసినట్టు. 

ఇక ఫాంట్. ఫాంట్-ఫ్యామిలీలో మీరు రాసిన ఫాంట్‌లో తెలుగు లేకపోతే సిస్టమ్ తన దగ్గరున్నది తెచ్చి పెడుతుంది. ఇప్పటి విండోస్‌లో అది నిర్మలా యూఐ, యాపిల్ పరికరాల్లో కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్‌లో సాధారణంగా నోటో తెలుగు. ఈ మూడింటిలో అక్షరం ఎత్తు, వత్తు ఎంత కిందికి దిగుతుందనేది, గీత మందం అన్నీ వేరు. ఎఫెక్ట్ అదే అయినా, అది పడే అక్షరమే వేరు. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో (పేజీ లోపలి కోడ్ చూపించే పనిముట్లు) ఎలిమెంట్ (పేజీలోని ఒక భాగం) ఎంచుకుని కంప్యూటెడ్ ట్యాబ్ అడుగుకి వెళితే రెండర్డ్ ఫాంట్స్ అని నిజంగా వాడిన ఫాంట్ పేరు చూపిస్తుంది. ఫైర్‌ఫాక్స్ ఇన్‌స్పెక్టర్‌లో ఫాంట్స్ అని విడిగా ట్యాబే ఉంది. పేర్లు వేరుగా ఉంటే మిగతా పరిశోధన ఆపేసి, ముందు ఒక తెలుగు వెబ్‌ఫాంట్‌ని వోఫ్2 (వెబ్ కోసం కుదించిన ఫాంట్ ఫైలు) రూపంలో మీరే అందించండి. ఫైలు చిన్నదవ్వాలని సబ్‌సెట్ చేసేటప్పుడు తెలుగు బ్లాక్ (0సి00 నుంచి 0సి7ఎఫ్) ఒక్కటే సరిపోదు, జీరో విడ్త్ నాన్‌జాయినర్, జాయినర్ (అక్షరాలను విడదీసే, కలిపే కనిపించని గుర్తులు, 200సి, 200డి) కూడా ఉంచాలి. అక్షరాలు ఎలా కలవాలో, ఎక్కడ కూర్చోవాలో చెప్పే జీసబ్, జీపాస్ పట్టికలను అస్సలు తీసేయకూడదు. జీసబ్ పోతే వత్తు అక్షరం కిందికి చేరకుండా పొల్లుతో పక్కపక్కనే నిలబడుతుంది.

ఇక్కడే ఇంకో గోతి ఉంది. హెడింగ్ ట్యాగులకు బ్రౌజర్లన్నీ డిఫాల్ట్‌గా బోల్డ్ ఇస్తాయి. మీరు 400 (మామూలు) మందం ఫైలు ఒక్కటే లోడ్ చేస్తే, బ్రౌజర్ దాన్నే సాగదీసి దొంగ బోల్డ్ తయారుచేస్తుంది. ఒక్కో ఇంజిన్ ఒక్కోలా తయారుచేస్తుంది కాబట్టి మందం కూడా ఒక్కోలా వస్తుంది. దానిపైన అవుట్‌లైన్ పెడితే ఠ, ఢ, థ లాంటి అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. కనిపెట్టడం సులువు: ఫాంట్-సింథసిస్: నన్ అని పెట్టి చూడండి. క్రోమ్‌లో ఇది 97 నుంచి ఉంది, మిగతా రెండింటిలో అంతకు ముందే వచ్చింది. హెడింగ్ ఒక్కసారిగా సన్నబడితే ఇన్నాళ్లూ చూసింది దొంగ బోల్డే. 700 (బోల్డ్) ఫైలు జతచేయండి, లేదా ఫాంట్-వెయిట్‌ని 400కి దించండి. ఇటాలిక్ కూడా అంతే. తెలుగు ఫాంట్లలో అసలైన ఇటాలిక్ అరుదు, కనిపించేది బ్రౌజర్ వంచిన అక్షరమే.

ఫాంట్ ఒకటే అయ్యాక కూడా మ్యాక్‌లో లావుగా ఉంటే అది సిస్టమ్ పని. మ్యాక్ తన ఫాంట్ స్మూతింగ్‌లో అక్షరం గీతను కాస్త ఉబ్బిస్తుంది. 2018లో మోహావే వెర్షన్‌తో సబ్‌పిక్సెల్ రంగులు డిఫాల్ట్‌గా పోయాయి గానీ ఈ ఉబ్బు పోలేదు. ముదురు నేపథ్యం మీద తెల్ల అక్షరాల్లో ఇంకా బాగా తెలుస్తుంది. సఫారీ, క్రోమ్‌లకి -వెబ్‌కిట్-ఫాంట్-స్మూతింగ్: యాంటీఅలియాస్డ్, ఫైర్‌ఫాక్స్‌కి -మోజ్-ఓఎస్ఎక్స్-ఫాంట్-స్మూతింగ్: గ్రేస్కేల్ పెడితే సన్నబడుతుంది. రెండూ మ్యాక్‌లోనే పనిచేస్తాయి, విండోస్‌లో ఏమీ మారదు. పేజీ మొత్తానికి కాకుండా ముదురు నేపథ్యం ఉన్న చోటికే పెట్టుకోవడం మంచిది. సన్నటి తెలుగు ఫాంట్‌కి చిన్న సైజులో ఆ కాస్త ఉబ్బే చదవడానికి సాయం.

ఇప్పుడు అసలు గొడవ, గ్రేడియంట్. దీని పద్ధతి ఏమిటంటే, ఎలిమెంట్ వెనక గ్రేడియంట్ పరిచి, బ్యాక్‌గ్రౌండ్-క్లిప్: టెక్స్ట్‌తో దాన్ని అక్షరాల ఆకారానికి కత్తిరించి, అక్షరం రంగును పారదర్శకం చేస్తాం. అంటే కనిపించేది అక్షరం కాదు, నేపథ్యం. ఇది గుర్తుంటే చాలు, దీనికి వచ్చే జబ్బులన్నీ అర్థమవుతాయి.

మొదటిది, వత్తులు మాయం కావడం. నేపథ్యం ఎలిమెంట్ పెట్టె ఉన్నంతవరకే పరుచుకుంటుంది. లైన్-హైట్ (వరుస ఎత్తు) 1 లేదా 1.1 పెడితే స్త్రీ, కృష్ణ, ఉత్ప్రేక్ష లాంటి పదాల్లో వత్తు అడుగు ఆ పెట్టె దాటిపోతుంది. మామూలు రంగైతే పెట్టె దాటినా కనిపిస్తుంది. ఇక్కడ రంగు పారదర్శకం, అక్కడ నేపథ్యమూ లేదు, కాబట్టి కోసేసినట్టు ఉంటుంది. మీకు విండోస్‌లో బాగుండి ఐఫోన్‌లో తెగడానికి ఎక్కువగా అవకాశం ఉన్న కారణం ఇదే: రెండుచోట్లా ఫాంట్ వేరు, వత్తు దిగే లోతు వేరు. లైన్-హైట్ 1.5 దాకా పెంచండి, లేదా పాడింగ్-బాటమ్ 0.25 ఈఎమ్ (ఒక ఈఎమ్ అంటే ఆ ఫాంట్ సైజంత) ఇచ్చి, అంతే మేర మార్జిన్-బాటమ్‌ని మైనస్‌లో పెట్టి కింది ఖాళీని వెనక్కి తీసుకోండి. గుడి, ఏత్వం పైకి తెగుతుంటే పైన కూడా 0.1 ఈఎమ్ ఇవ్వండి. పిక్సెళ్లలో ఇవ్వొద్దు, ఫాంట్ సైజు మారితే లెక్క తప్పుతుంది.

హెడింగ్ లోపల ఒక స్పాన్‌కి (వరుసలో కొన్ని మాటలను చుట్టే ట్యాగ్) మాత్రమే గ్రేడియంట్ పెట్టి, అది రెండు వరుసలకి విరిగితే, గ్రేడియంట్ మొదటి వరుసలో మొదలై రెండో వరుసలో కొనసాగుతుంది. ప్రతి వరుసకీ పూర్తి గ్రేడియంట్, పూర్తి పాడింగ్ కావాలంటే బాక్స్-డెకరేషన్-బ్రేక్: క్లోన్ కావాలి. సఫారీకి -వెబ్‌కిట్- అని పేరు ముందు చేర్చే ప్రిఫిక్స్‌తో, క్రోమ్‌లో 130కి ముందు వెర్షన్లకి కూడా ప్రిఫిక్స్‌తో రాయాలి. రెండూ రాసేయండి.

రెండో జబ్బు రాసే వరుసది. బ్యాక్‌గ్రౌండ్ అనే షార్ట్‌హ్యాండ్ (చాలా ప్రాపర్టీలను ఒకే లైనులో రాసే రూపం) క్లిప్‌ని మళ్లీ మొదటికి తెస్తుంది. హోవర్‌లో (మౌస్ పైకి వచ్చినప్పుడు) గ్రేడియంట్ మార్చడానికి షార్ట్‌హ్యాండ్ వాడితే క్లిప్ ఎగిరిపోయి, అక్షరాల బదులు రంగు దిమ్మ కనిపిస్తుంది. అక్కడ బ్యాక్‌గ్రౌండ్-ఇమేజ్ మాత్రమే మార్చాలి. ప్రిఫిక్స్ లేని బ్యాక్‌గ్రౌండ్-క్లిప్: టెక్స్ట్ ఫైర్‌ఫాక్స్‌లో 49 నుంచి, సఫారీలో 14 నుంచి ఉంటే, క్రోమ్‌లో 120కి గానీ రాలేదు. పాత ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం ప్రిఫిక్స్ లైను ఉంచండి. అక్షరాన్ని పారదర్శకం చేయడానికి కలర్ కాకుండా -వెబ్‌కిట్-టెక్స్ట్-ఫిల్-కలర్ వాడి, కలర్‌లో మామూలు గట్టి రంగు ఉంచండి. క్లిప్, ఫిల్-కలర్ లైన్లు రెండూ @సపోర్ట్స్ బ్లాకులో (బ్రౌజర్‌కి ఆ ప్రాపర్టీ తెలిస్తేనే వర్తించేది) పెడితే, క్లిప్ తెలియని బ్రౌజర్‌లో కనీసం ఆ గట్టి రంగుతో హెడింగ్ కనిపిస్తుంది.

మూడోది నీడ. గ్రేడియంట్ అక్షరానికి టెక్స్ట్-షాడో పెడితే నీడ గ్రేడియంట్ పైన పడి రంగుని మసకబారుస్తుంది. ఇది ఏ బ్రౌజర్ లోపమూ కాదు. నేపథ్యం అడుగున గీయబడుతుంది, నీడ అక్షరంతో పాటు దానిపైన గీయబడుతుంది. అందుకే ఇక్కడ టెక్స్ట్-షాడో తీసేసి ఫిల్టర్: డ్రాప్-షాడో వాడాలి. అది మొత్తం గీశాక వచ్చిన బొమ్మకి నీడ వేస్తుంది.

ఎమోజీ ఉంటే అది కూడా గ్రేడియంట్ రంగు ముద్దగా మారుతుంది. దాన్ని విడి స్పాన్‌లో పెట్టి ఫిల్-కలర్‌ని కరెంట్‌కలర్‌కి తేవాలి. లోపలి స్పాన్లకు ట్రాన్స్‌ఫామ్ యానిమేషన్ ఉంటే తండ్రి ఎలిమెంట్ గ్రేడియంట్ వాటికి అందక మాయమయ్యే అవకాశం ఉంది, ముఖ్యంగా సఫారీలో. అప్పుడు గ్రేడియంట్‌ని ఆ స్పాన్లకే పెట్టండి. ప్రింట్ సంగతి ఎవరూ చూడరు: బ్రౌజర్లు డిఫాల్ట్‌గా నేపథ్యాన్ని ప్రింట్ చేయవు, కాబట్టి హెడింగ్ ఉన్నచోట తెల్ల కాగితం రావచ్చు. విండోస్ హై కాంట్రాస్ట్ మోడ్‌లోనూ గ్రేడియంట్‌ని తీసేస్తారు. @మీడియా ప్రింట్, @మీడియా ఫోర్స్‌డ్-కలర్స్: యాక్టివ్ రెండింటిలోనూ ఫిల్-కలర్‌ని కరెంట్‌కలర్‌కి మార్చి, బ్యాక్‌గ్రౌండ్-ఇమేజ్ నన్ చేయండి.

అవుట్‌లైన్ విషయానికొస్తే, -వెబ్‌కిట్-టెక్స్ట్-స్ట్రోక్ పేరులో వెబ్‌కిట్ ఉన్నా ఫైర్‌ఫాక్స్ 49 నుంచి అన్నిట్లోనూ పనిచేస్తుంది. గీత అక్షరం అంచుకి మధ్యగా పడుతుంది. 4 పిక్సెళ్లు అంటే 2 బయటికి, 2 లోపలికి. ఆ లోపలి 2 అక్షరాన్ని తినేస్తాయి. తెలుగు అక్షరాల్లో సున్నాలూ వంపులూ ఎక్కువ కాబట్టి దెబ్బ త్వరగా కనబడుతుంది. పెయింట్-ఆర్డర్: స్ట్రోక్ ఫిల్ పెడితే ముందు గీత గీసి దానిపైన అక్షరం నింపుతారు, లోపలి సగం దాక్కుంటుంది. అప్పుడు బయట 2 కావాలంటే స్ట్రోక్ 4 ఇవ్వాలి. అక్షరం లోపల కనిపించే అడ్డగీతలకు కూడా ఇదే మందు. ఆ గీతలు రావడానికి కారణం, వేరియబుల్ ఫాంట్లలో (ఒకే ఫైలులో చాలా మందాలు ఉండేవి) అక్షరం ముక్కలు ఒకదానిపై ఒకటి ఎక్కి ఉండటం, తెలుగులో గుణింతం గుర్తూ వత్తూ విడి గ్లిఫులై (ఫాంట్‌లోని ఒక్కో ఆకారం) అక్షరాన్ని తాకుతూ ఉండటం.

అయితే పెయింట్-ఆర్డర్ మామూలు హెచ్‌టీఎంఎల్ టెక్స్ట్ మీద క్రోమ్‌లో పనిచేసేది 123 నుంచే. అంతకు ముందు ఎస్‌వీజీకి (గీతలుగా గీసే బొమ్మ రూపం) మాత్రమే. దీంతో ఒక తమాషా: పాత క్రోమ్‌ని @సపోర్ట్స్‌తో అడిగితే ఆ ప్రాపర్టీ తెలుసనే చెబుతుంది, గీయడం మాత్రం పాత పద్ధతిలోనే. @సపోర్ట్స్ చెప్పేది లైను చదవగలనని, గీయగలనని కాదు. పాత క్రోమ్ మీకు ముఖ్యమైతే స్ట్రోక్ వదిలేసి టెక్స్ట్-షాడోతోనే అవుట్‌లైన్ కట్టండి: బ్లర్ సున్నాగా, ఎనిమిది దిక్కులకూ ఒక్కో నీడ. 2 పిక్సెళ్ల వరకు శుభ్రంగా వస్తుంది. 3 దాటితే వంపుల దగ్గర నొక్కులు తేలతాయి, అప్పుడు నీడల సంఖ్య పెంచాలి. లోపల ఖాళీగా, గీత మాత్రమే ఉండే అక్షరాలు కావాలంటే సీఎస్‌ఎస్‌లో శుభ్రమైన దారి లేదు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను పాత్‌లుగా మార్చి, అన్నీ కలిపి ఒకటే ఆకారం చేసి, ఎస్‌వీజీగా పెట్టుకోవడమే. అప్పుడు బొమ్మకి ఆల్ట్ టెక్స్ట్ మర్చిపోవద్దు.

అక్షరాలు ఒకదానిపై ఒకటి ఎక్కే ఈ గుణమే ఇంకోచోట బయటపడుతుంది. రంగులో ఆల్ఫా పెట్టి అక్షరాన్ని సగం పారదర్శకం చేస్తే, గుర్తు అక్షరాన్ని తాకినచోట చిన్న ముదురు మచ్చలు కనిపించవచ్చు. కలర్‌లో గట్టి రంగు ఇచ్చి ఎలిమెంట్‌కి ఒపాసిటీ 0.5 పెడితే మచ్చలుండవు.

టెక్స్ట్-షాడో ఒక్కటీ బ్రౌజర్ల మధ్య పెద్దగా తేడా లేని ఎఫెక్ట్. జాబితాలో మొదటి నీడ అన్నిటికన్నా పైన ఉంటుంది. నాలుగో కొలత, అంటే స్ప్రెడ్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10లో ఉండేది. ఇప్పటి బ్రౌజర్లలో అది రాస్తే లైను మొత్తం చెల్లదు. ఎక్కడో పాత కోడ్ కాపీ చేసుకుని నీడ రావట్లేదంటే ముందు ఇది చూడండి. సెలెక్ట్ చేసినప్పుడు నీడ అక్షరాలను అలికేస్తుంది కాబట్టి ::సెలెక్షన్‌లో టెక్స్ట్-షాడో: నన్ పెట్టండి. సఫారీ సెలెక్షన్ రంగుని తనంతట తానే కాస్త పారదర్శకం చేస్తుంది, ఆ తేడాతో కుస్తీ అనవసరం.

అండర్‌లైన్ ముక్కలవడం స్కిప్-ఇంక్ వల్ల. గీత అక్షరాన్ని తాకబోయే చోట బ్రౌజర్ ఖాళీ వదులుతుంది. ఇంగ్లిష్‌లో అయిదారు అక్షరాలకే ఆ అవసరం. తెలుగులో కొమ్ములూ వత్తులూ వరుసగా తగిలి గీత చుక్కలుగా మిగులుతుంది. టెక్స్ట్-అండర్‌లైన్-ఆఫ్‌సెట్ 0.3 ఈఎమ్ దాకా దించి చూడండి. ఇంకా ముక్కలవుతుంటే టెక్స్ట్-డెకరేషన్-స్కిప్-ఇంక్: నన్, దాంతోపాటు గీత రంగుని లేతగా. మందం, రంగు, శైలి మూడూ టెక్స్ట్-డెకరేషన్ ఒక్క లైనులో కలిపి రాయొద్దు. ఆ షార్ట్‌హ్యాండ్‌తో సఫారీ చాలాకాలం పేచీ పెట్టింది. విడివిడిగా రాస్తే ఏ గొడవా లేదు. వేవీ గీత అల ఎంత ఎత్తుండాలో స్పెసిఫికేషన్ బ్రౌజర్‌కే వదిలేసింది, కాబట్టి మూడింట్లో మూడు రకాలుగా ఉంటుంది. ఒకేలా కావాలంటే గీతని నేపథ్య బొమ్మగా పెట్టుకోవాలి.

మిగిలింది టైపింగ్ ఎఫెక్ట్, అక్షరం అక్షరం ఎగిరే యానిమేషన్లు. నెట్‌లో దొరికే స్క్రిప్టులు పదాన్ని స్ప్లిట్‌తో విడగొడతాయి. "క్షేత్రం" అన్న మాట కంప్యూటర్‌కి ఎనిమిది కోడ్‌లు: క, పొల్లు, ష, ఏత్వం, త, పొల్లు, ర, సున్న. ఒక్కోదాన్నీ ఒక్కో ఇన్‌లైన్-బ్లాక్ స్పాన్‌లో పెడితే పొల్లూ ఏత్వమూ ఒంటరివై చుక్కల వలయంతో కనిపిస్తాయి. బ్రౌజర్‌లోనే ఉండే ఇంటల్.సెగ్‌మెంటర్ అనే జావాస్క్రిప్ట్ సాధనాన్ని గ్రాఫీమ్ (కంటికి ఒక అక్షరంగా కనిపించే ముక్క) పద్ధతిలో వాడాలి. క్రోమ్‌లో 87, సఫారీలో 14.1, ఫైర్‌ఫాక్స్‌లో 125 నుంచి ఉంది. ఇక్కడ కూడా తేడా రావచ్చు. సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్ 15.1లో, 2023లో చేరింది. అది పాటించే బ్రౌజర్ "క్షే", "త్రం" అని రెండు ముక్కలిస్తుంది, పాటించనిది "క్", "షే", "త్", "రం" అని నాలుగు. దీన్ని మీరే సరిచేయొచ్చు: ఒక ముక్క చివరి కోడ్ పొల్లు (0సి4డి) అయి, తర్వాతి ముక్క తెలుగు హల్లుతో మొదలైతే రెంటినీ కలిపేయండి. "బ్రౌజర్‌లో" లాంటి మాటల్లో పొల్లు తర్వాత నాన్‌జాయినర్ ఉంటుంది కాబట్టి ముక్క చివర పొల్లు ఉండదు, తప్పుగా కలవవు. సీఎస్‌ఎస్‌లో స్టెప్స్‌తో, సీహెచ్ కొలతతో చేసే టైప్‌రైటర్ అయితే తెలుగుకి పనికిరాదు. సీహెచ్ అంటే ఆ ఫాంట్‌లో సున్నా అంకె వెడల్పు, అన్ని అక్షరాలూ అంతే ఉంటాయన్న నమ్మకం మీద నడిచే కిటుకు అది. నన్నడిగితే విడగొట్టడమే మానేసి, మొత్తం వరుసకి క్లిప్-పాత్: ఇన్‌సెట్‌ని ఎడమ నుంచి కుడికి తెరవడం మేలు. అక్షరాల అమరిక చెక్కుచెదరదు, స్క్రీన్ రీడర్ కూడా మాటని మాటగానే చదువుతుంది.

స్పాన్లుగా విడగొట్టాల్సిందే అయితే నీడని గమనించుకోండి, వెనక వచ్చే స్పాన్ నీడ ముందు స్పాన్ అక్షరం మీద పడుతుంది. స్కేల్ యానిమేషన్ తర్వాత అక్షరాలు మసగ్గా మిగిలితే విల్-చేంజ్: ట్రాన్స్‌ఫామ్ ఉందేమో చూడండి. అది ఉన్నంతసేపూ క్రోమ్ చిన్న సైజులో గీసిన బొమ్మనే సాగదీస్తుంది. యానిమేషన్ అయ్యాక దాన్ని ఆటోకి మార్చితే మళ్లీ పదునుగా గీస్తుంది. విండోస్‌లో ఫేడ్ అవుతున్నంతసేపు అక్షరం సన్నగా, ఆగాక లావుగా కనిపించడం మరో సంగతి: విడి లేయర్ మీద క్లియర్‌టైప్ (విండోస్ అక్షరాలను నున్నగా చేసే పద్ధతి) ఆగిపోయి, తర్వాత తిరిగొస్తుంది. దీన్ని పూర్తిగా ఆపలేం, ఫేడ్ సమయాన్ని 200 మిల్లీసెకండ్ల లోపు ఉంచితే కంటికి ఆనదు.

లెటర్-స్పేసింగ్‌ని తెలుగుకి సున్నాగానే ఉంచండి, ఇంగ్లిష్ హెడింగ్ శైలి వారసత్వంగా రాకుండా :ల్యాంగ్(టీఈ)లో విడిగా రాసి. ::ఫస్ట్-లెటర్‌తో పెద్ద మొదటి అక్షరం పెడితే ఫైర్‌ఫాక్స్ ఆ పెట్టెను అక్షరం ఆకారానికి దగ్గరగా కొలుస్తుంది, క్రోమ్ లైన్-హైట్‌తో కొలుస్తుంది, అందుకే ఎత్తు కుదరదు. ఇనీషియల్-లెటర్ క్రోమ్‌లో 110 నుంచి ఉంది, సఫారీలో ప్రిఫిక్స్‌తో ఉంది, ఫైర్‌ఫాక్స్‌లో లేదు. పేరా "స్త్రీ"తో మొదలైతే ఏమవుతుందో మూడింట్లోనూ చూసిగానీ వాడొద్దు.

పరీక్షకి విండోస్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఒక ఐఫోన్, ఒక పాత ఆండ్రాయిడ్ చాలు. పరీక్ష మాటలుగా "స్త్రీ", "క్షేత్రం", "కృష్ణ", "బ్రౌజర్‌లో", వాటి పక్కన ఒక ఎమోజీ, ఒక ఇంగ్లిష్ పదం కలిపి ఒకే హెడింగ్‌లో పెట్టండి. అది రెండు వరుసలకి విరిగేంత సన్నటి స్క్రీన్‌లో ఒకసారి, 200 శాతం జూమ్‌లో ఒకసారి, ప్రింట్ ప్రివ్యూలో ఒకసారి చూడండి.